ఐదో గొట్టం మూసిన చేయి

నా పేరు సూరాడ దాలమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఆఫీసు కాగితాల్లో అరవై ఎనిమిది అని ఉంది. ఆ మూడేళ్లు ఎక్కడ దాచారో వాళ్లే చెప్పాలి. ఉండేది కరెంటు పుట్టించే పొయ్యి పక్కన, ఉప్పుదిబ్బ పొయ్యి కాలనీ, మూడో వరుస, పద్నాలుగో గది. ఇంట్లో నేను, చనిపోయిన మా ఆయన అప్పగారు గున్నమ్మ, ఒక కోడిపెట్ట. గున్నమ్మకు డెబ్బై తొమ్మిది. ఈ కాలనీకి రాకముందే చూపు పోయింది. నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. కోడి వయసు తెలియదు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే పంపుల గదిలో పనిచేసే బమ్మిడి నీలవేణి రాస్తోంది. గోడకున్న యంత్రానికి చెబితే అదే రాసిపెడుతుంది కదా అని మీరు అడగవచ్చు. నా మీద నేరం మోపిన యంత్రమూ, ఆ గోడ యంత్రమూ ఒక కడుపున పుట్టినవి. దొంగ ఇంట్లో కూర్చుని ఫిర్యాదు రాయించుకునేంత తెలివితక్కువదాన్ని కాను. అందుకే కాగితం, పెన్ను, నీలవేణి.

ఒకటి. పొయ్యి వెలిగిన నాలుగో రోజు

బియ్యం కడుగుతుంటే నోటీసు వచ్చింది. నీలవేణి చదివింది. ఐదో గొట్టంలో వాయువు ఒత్తిడి ఉండవలసినదానికంటే మూడో వంతు ఎక్కువగా ఉందట. పొయ్యి లోపల జరిగేదాన్ని లెక్కల్లో నడిపి చూసే నమూనా గది ఒకటుంది; అక్కడి కంప్యూటరు లెక్క వేసి, ఆ గొట్టంలో ఏదో అడ్డం పడి ఉందని తేల్చిందట. గొట్టాన్ని చివరగా మూసింది నేను కాబట్టి, అడ్డం పెట్టింది కూడా నేనే. నా సంజాయిషీ వాళ్లకు నచ్చేవరకు నా చేతి చీటీ ఆపివేశారు. చీటీ రద్దయితే పదిహేను రోజుల్లో గది ఖాళీ చేయాలి.

చేతి చీటీ అంటే గొట్టాల్లోకి దిగే అనుమతి. ఏడాదికొకసారి పొయ్యి చల్లార్చినప్పుడు, నిప్పు వలయం కింద ఉన్న ఎనిమిది గొట్టాలనూ మేం తొమ్మిది మంది ఆడవాళ్లం దిగి తోముతాం. మర మనుషుల్ని పంపి చూశారు. అక్కడ మిగిలి ఉండే కిరణాలకు వాటి కళ్లు పోయాయి. ఒకటి రెండో గొట్టంలో ఇరుక్కుని చచ్చింది. దాన్ని మేమే ఈడ్చాం. ఆ తర్వాత అరవై దాటిన ఆడవాళ్లను దించవచ్చని నియమం వచ్చింది. కిరణాలు ఎముకలో దిగి రోగమై తేలడానికి పాతికేళ్లు పడుతుందట. మా దగ్గర పాతికేళ్లు లేవు కాబట్టి ప్రమాదం లేదట. ఇంత శ్రద్ధగా మా చావు లెక్కకట్టిన ఆఫీసు మీద నాకు ఎప్పుడూ గౌరవమే.

నోటీసు విని గున్నమ్మ అడిగింది.

"ఏటి మర్సిపోనావే లోన? సుట్ట గాని మర్సిపోనావేటి?"

"సుట్ట మానేసి ఆరేళ్లయింది వదినా."

"అయితే బుర్ర మర్సిపోయుంటావు."

రెండు. ఐదో రోజు

నమూనా గదికి పిలిచారు. అక్కడి ఆఫీసరు చెరుకుపల్లి తేజోమూర్తి. ముప్పై ఏళ్లుంటాయి. పొయ్యి లోపల ఏం జరుగుతుందో ఈ భూమ్మీద ఆయనకు తెలిసినంత ఇంకొకరికి తెలియదంటారు. పొయ్యి ఉన్న కట్టడంలోకి ఆయన ఇంతవరకు అడుగుపెట్టలేదు.

"కూర్చోండి దాలమ్మగారూ" అన్నాడు. మర్యాద తెలిసిన మనిషే.

"నిలబడే సెప్తాను బాబూ. కూకుంటే మల్లీ లెగడానికి నీ నమూనా సెయ్యిత్తాదేటి?"

తెర మీద ఐదో గొట్టం బొమ్మ చూపించాడు. అందులో నలకల్లా చుక్కలు పరుగెడుతున్నాయి.

"ఇందులో నూరు కోట్ల రేణువుల్ని వదిలానండి. నిజంవి కావు, లెక్కలోవి. మంట మిగిల్చిన బూడిద వాయువు గొట్టంలోకి వస్తుంది కదా. ఒక్కొక్క రేణువూ గోడకు ఎక్కడ తగులుతుంది, ఎటు మళ్లుతుంది, చివర ఉన్న పంపులో పడుతుందా, తిరిగి మంటలోకి పోతుందా అని కంప్యూటరు లెక్కపెడుతుంది."

"ఒకదానికొకటి తగలవా?"

"దాదాపు తగలవు. లోపల అంత పలచన. గోడలకే తగులుతాయి."

"అయితే మా కాలనీ మగోల్లే. ఒకల్నొకలు సూసుకోరు. గోడలకి గుద్దుకుంటా ఇల్లు సేరతారు."

ఆయన నవ్వలేదు. నవ్వితే రేణువులు లెక్క తప్పుతాయేమో.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. గొట్టం మధ్యలో, నడుమ బెజ్జం ఉన్న ఒక పలక ఉంటుంది; బెజ్జంలోంచి వచ్చిన వాయువు వెనక్కి పోకుండా ఆపడం దాని పని. పలక దాటాక ఒత్తిడి కొలిచే సాధనం, ఆ తర్వాత పంపు. సాధనం దగ్గర వాయువు పోగుపడుతోంది. అంటే సాధనానికీ పంపుకూ మధ్య దారి మూసుకుపోయింది. మూసింది నేను మరిచిపోయిన గుడ్డ.

"మీ లెక్క ఎప్పుడూ తప్పదా బాబూ?"

"మొదట్లో బాగా సరిపోయేదండి. పదకొండేళ్ల కిందట ఉన్నట్టుండి కొలతకీ లెక్కకీ తేడా వచ్చింది. అప్పుడు నాకు ముందున్న ఆయన ఒక సవరణ అంకె కలిపారు. అప్పటినుంచి ఎనిమిది గొట్టాలకీ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతోంది."

"తేడా వచ్చినప్పుడు గొట్టంలోకి దిగి సూడనేదా?"

"దిగి చూసేటట్లయితే నమూనా ఎందుకండీ?"

నిజమే. బియ్యం ఉడికాయో లేదో మెతుకు పట్టి చూసే అలవాటు నాది. మూత మీద సవరణ అంకె రాసుకుంటే సరిపోతుందని ఇన్నాళ్లూ తెలియలేదు.

మూడు. ఏడో రోజు

గుడ్డలు లెక్కపెట్టారు. పదహారు తీసుకెళ్లాను, పదహారు తిరిగి ఇచ్చాను. అయితే గుడ్డ కాదు, గీకుడు కత్తి అన్నారు. కత్తులు లెక్కపెట్టారు. అవీ ఉన్నాయి. అప్పుడు నమూనా గది నుంచి ఇంకో కాగితం వచ్చింది: "అడ్డుగా ఉన్న వస్తువు జాబితాలో లేనిది అయి ఉండవచ్చు, ఉద్దేశపూర్వకంగా ఉంచబడి ఉండవచ్చు." మూడు రోజుల్లో మతిమరుపు ముసలిదాన్ని కాస్తా కుట్రదారును అయ్యాను. ఈ వయసులో ఇంత ఎదుగుదల నేను ఆశించలేదు.

నీళ్ల వంతు దగ్గర మేస్త్రి అప్పలకొండ కలిశాడు. గొట్టాల పని పైన చూసుకునేది అతనే. మామూలుగా మేం తోమిన తర్వాత, పైనుంచే పొడుగు కడ్డీలతో పలకలు బిగించేది అతని మనుషులు. ఈ ఏడు ఐదో గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేకపోతే నేనే బిగించాను. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి ఆ వరుసలో ఎవరికీ తొందర ఉండదు, ఎవరి మాటైనా అందరికీ వినిపిస్తుంది. అందుకే అతను గొంతు తగ్గించాడు.

"అప్పా, గుడ్డ మర్సిపోనానని ఒప్పేసుకో. ముసలి మడిసని వొగ్గేత్తారు."

"గుడ్డలు పదారూ ఉన్నాయి కదరా."

"పదిహేడోది ఇంటికాడ నుంచి అట్టుకెల్లినానను."

"నేని గుడ్డని నానెక్కడ మర్సిపోవాల? అబద్దం సెప్పాలన్నా దానికో గుడ్డుండాలి కదరా."

అతను తన వంతు రాకుండానే బిందె ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఎండకు అనుకున్నాను.

నాలుగు. తొమ్మిదో రోజు

ఈ రోజు చెప్పేది నీలవేణి రాయడానికి మొహమాటపడింది, ఇందులో ఆమె మాట ఉంది కాబట్టి. రాయమన్నాను.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చతికిలపడింది. ఒళ్లంతా చెమట.

"పిన్నీ, ఆ ఐదో పంపు నా ప్రాణాలు తీస్తోంది. మిగతావన్నీ నిండటానికి పదకొండు గంటలు పడుతుందా, ఇది ఎనిమిది గంటల్లోనే నిండిపోతోంది. పరుగెత్తుకెళ్లి మార్చుకోవాలి."

ఆ పంపు మామూలు పంపు కాదు. లోపల అన్నిటికన్నా చల్లని రేకులుంటాయి. గొట్టంలోంచి వచ్చిన వాయువు వాటికి మంచులా పేరుకుంటుంది. నిండాక రేకుల్ని వెచ్చబెట్టి ఆ మంచును దులపడం నీలవేణి పని.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి."

గున్నమ్మ చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"తూము మూసుకుపోతే కింద బాల్చీ తొరగా ఎలగ నిండుతాదే?"

నీలవేణి నా వైపు చూసింది. నేను నీలవేణి వైపు చూశాను. నూరు కోట్ల రేణువుల్ని పరుగెత్తించినవాళ్లకు తట్టని మాట, చింతపండు పళ్లెం ముందు కూర్చున్న గుడ్డిదానికి తట్టింది. దారి మూసుకుపోతే పంపుకు వాయువు తక్కువ చేరాలి. ఎక్కువ చేరుతోంది. అంటే దారి మూసుకుపోలేదు. వచ్చేదే ఎక్కువ వస్తోంది.

"ఈ మాట నమూనా గదికి సెప్పినావా?" అన్నాను.

"పంపు నిండే టైము వాళ్ల ఫారంలో గడి లేదు పిన్నీ. నిండిందా లేదా అనే ఉంది. నిండింది అని రాశాను."

ఐదు. పదకొండో రోజు

విచారణ జరిగింది. జిల్లా నుంచి మెహరున్నీసా బేగం అనే అధికారిణి వచ్చింది. ఒక వైపు తేజోమూర్తి, ఒక వైపు అప్పలకొండ, మధ్యలో నేరస్థురాలిని నేను. నీలవేణి పంపు సంగతి చెప్పింది. అధికారిణి రాసుకుంది. తేజోమూర్తి ముఖం మొదటిసారి తెర వైపు కాకుండా మనిషి వైపు తిరిగింది.

"ఎనిమిది గంటల్లోనా? కచ్చితంగానా?"

"వాచీ నాది కాదు సార్, ఆఫీసుదే" అంది నీలవేణి.

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కవేసుకున్నాడు. "రాక పెరిగితేనే... కానీ రాక పెరగడానికి వీల్లేదు. గొట్టం ఆకారం మారలేదు. పలక యథాతథంగానే ఉంది. ఫొటో ఉంది కదా" అంటూ ఫైలు తిప్పి చూపించాడు.

గొట్టం మూసేముందు పలకకు ఫొటో తీయాలి. ఆ ఫొటోలో పలక మీద చెక్కిన నంబరు కనిపించాలి. నాకు నంబర్లు చదవడం రాదు, నంబరు ఉందో లేదో చూడటం వచ్చు. ఆ బొమ్మలో చీమలు బారు తీరినట్టు గీతలున్నాయి.

"ఇది నాను పెట్టిన పలక కాదమ్మా."

"ఐదో నంబరు పలకే ఇది" అన్నాడు తేజోమూర్తి.

"కావచ్చు బాబూ. నాను పెట్టినప్పుడు ఈ గీతల్లేవు. నా ఏపు నున్నగా ఉంది. అంచు లోపలికెల్లి గాడిలో కూకుంది. సీసా మూత బిగిసినట్టు బిగిసింది. ఈ బొమ్మలో అంచు బయటికుంది సూడు, పల్లు బయటికొచ్చినట్టు."

అధికారిణి అప్పలకొండ వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు. గోడ ఏమీ సాయం చేయలేదు.

"ఈ ఫొటో ఎప్పటిది?"

"నిరుడుదండి" అన్నాడు. "ఆ రోజు మా మేనకోడలి నిశ్చితార్థమండి. నాను ఎల్లిపోనాను. దాలమ్మప్ప ఒక్కర్తే మూసేసింది. ఫొటో నేకపోతే ఫైలు మూతపడదు కదండి. నిరుడు ఫొటో పెట్టేసినాను."

"సరే. నిరుడు పలకను నంబరు బయటికి పెట్టారు. ఈమె లోపలికి పెట్టింది. ఏది సరైనది?"

"అంచు గాడిలో కూకుంటేనే సరైందండి. కానీ అలగ పెడితే నంబరు లోపలికెల్లిపోద్ది. ఫొటోలో నంబరు కనబడాలని పదకొండేళ్ల కిందట రూలొచ్చిందండి. అప్పటినుంచి అన్ని గొట్టాల్లోనూ తిరగేసే బిగిత్తన్నాము."

"తిరగేస్తే?"

"ఏలు దూరేంత సందుంటాదండి సుట్టూరా. ఆ సందు సంగతి అందరికీ తెల్సిందేనండి."

"నమూనా గదికి తెలుసా?"

"ఆల్లెప్పుడూ అడగనేదండి."

తేజోమూర్తి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం మర్యాద కోసం, పడ్డాడు. పదకొండేళ్లుగా బూడిద వాయువు ఆ సందులోంచి జారి మళ్లీ మంటలోకి పోతోంది. ఆ జారిపోయేదానికి ఆయన ముందటి మహానుభావుడు సవరణ అంకె అని పేరు పెట్టి, పూజించి, రిటైరై పోయాడు. ఎనిమిది గొట్టాల్లో ఏడు తప్పు; ఆ తప్పుకు నమూనా సరిగ్గా సరిపోయింది. ఒక్కటి ఒప్పు. ఆ ఒప్పును నమూనా పట్టేసింది. దాని చూపు మంచిదే, నేను కాదనను.

అక్షరాలు వచ్చినవాళ్లందరూ నంబరు చూసి పెట్టారు. నాకు రాదు కాబట్టి గాడి చూసి పెట్టాను.

ఆరు. పద్నాలుగో రోజు

పొద్దున్న తేజోమూర్తి మా గదికి వచ్చాడు. బూట్లకు ఉప్పుమట్టి అంటుకుని ఉంది. పంపుల గదికి వెళ్లి, నీలవేణి పక్కన నిలబడి, ఐదో పంపు నిండేవరకు చూసి వచ్చాడట. ఎవరూ చెప్పకుండానే గచ్చు మీద కూర్చున్నాడు. కోడి వెళ్లి ఆయన బూటు లేసు పొడిచింది.

"సవరణ అంకె తీసేశానండి. నమూనాలో ఏడు గొట్టాలకీ వేలెడు సందు పెట్టాను, ఐదోదానికి పెట్టలేదు. రేణువుల్ని మళ్లీ వదిలాను. ఎనిమిదీ సరిపోయాయి. పంపు నిండే టైము కూడా."

"మరేటి బాబూ ఆ మొకం? సరిపోతే నవ్వాల కదా."

"మిగతా ఏడూ మీరు పెట్టినట్టు పెడితే ఎలా ఉంటుందో కూడా చూశానండి. బూడిద బాగా బయటికి పోతుంది. మంట ఇంకా నిలకడగా కాలుతుంది. ఆ కరెంటుతో సముద్రం నీళ్లు మంచినీళ్లుగా మార్చే యంత్రం ఆగకుండా నడపవచ్చు. కాలనీకి రోజూ నీళ్లు ఇవ్వవచ్చు."

"పదకొండేల్లుగా రోజు మార్సి రోజు లైన్లో నిలబడతన్నాము" అంది గున్నమ్మ. "ఫొటో బాగా వచ్చిందా మరి?"

ఆయన తల దించుకున్నాడు. గున్నమ్మకు అది కనిపించదు కాబట్టి నేను చెప్పాను: "తల దించినాడు వదినా."

"అయితే టీ పొయ్యే" అంది.

టీ తాగుతూ ఆయన ఇంకో మాట చెప్పాడు. పై ఆఫీసుకు అంతా రాసి పంపాడట. జవాబు ఎలా ఉంటుందో భయంగా ఉందట. పదకొండేళ్ల నివేదికలన్నీ ఆ సవరణ అంకె మీదే నిలబడి ఉన్నాయట. అవి చూసే ఇంకో రెండు చోట్ల పొయ్యిలు కడుతున్నారట. నోటీసు తనదే కాబట్టి నాకు క్షమాపణ చెప్పాలని వచ్చాడట. చెప్పాడు. నేను పుచ్చుకున్నాను. రెండు చక్కెర బిళ్లలు కూడా అడిగి పుచ్చుకున్నాడు, అది వేరే సంగతి.

ఏడు. పదహారో రోజు

పై ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. నీలవేణి చదివింది. మాట మారకుండా ఇక్కడ దింపమన్నాను:

"సూరాడ దాలమ్మ నిర్దోషి అని తేలినది. అయితే ఫొటో నియమమును పాటించనందున ఆమెను హెచ్చరించడమైనది. ఐదో గొట్టపు పలక మిగిలిన ఏడింటికి, ఆమోదిత నమూనాకు భిన్నముగా ఉన్నందున, వచ్చే వారం పొయ్యి చల్లార్చి, పలకను నంబరు బయటికి కనిపించునట్లు తిరిగి అమర్చవలెను. ఈ పని సదరు దాలమ్మ స్వయముగా చేసి వేలిముద్ర వేసినచో ఆమె చేతి చీటీ పునరుద్ధరించబడును. లేనిచో గది ఖాళీ చేయవలెను."

"ఏటంటాది కాగితం?" అంది గున్నమ్మ.

"నాది తప్పు నేదంట వదినా. అందుకని ఇప్పుడు తప్పు సెయ్యమంటాది."

ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె అలా తనంతట తాను వచ్చి కూర్చోవడం నేను నలభై ఏళ్లలో నాలుగుసార్లు చూశాను.

"సెయ్యకపోతే గది పోద్ది" అన్నాను. "నీ మంచం, నీ గుమ్మం, రెంటికీ మద్దెన నీ పదడుగుల లెక్క. కొత్త సోటైతే గోడలన్నీ మల్లీ తడుంకోవాల నువ్వు."

"ఓలే దాలీ, ఈ గదిని నానెప్పుడు సూసినాను గనక? నా కోసమని నువ్వెల్లి ఆ పలక తిప్పొచ్చినావంటే, వొండిపెట్టిన కూడు నా నోట్లోకి దిగదు."

కాబట్టి పై ఆఫీసువారికి నా జవాబు ఇది. తిప్పను.

మీరు ఇంకొకరిని దించుతారు, నాకు తెలుసు. మా తొమ్మిది మందిలో ఎవరికైనా గది కావాలి, తిండి కావాలి. దిగినవాళ్లను నేను తిట్టను. కానీ తిప్పిన పలకను తిప్పిన పలక అని రాయాలి. రెండు వైపులా ఫొటో తీయాలి. ఒక వైపు నంబరు కనిపిస్తుంది, మీకు తృప్తి. ఇంకో వైపు సందు కనిపిస్తుంది, అది మాకు. ఆ ఫొటో నీళ్ల వంతు దగ్గర అంటించాలి. చదువు రానివాళ్లు కూడా అది చదవగలరు.

లేదా ఎలాగూ పొయ్యి చల్లారుస్తున్నారు కాబట్టి, మిగిలిన ఏడు పలకలనూ సరిగా పెట్టడానికి నన్ను దించండి. చీటీ లేకపోయినా దిగుతాను. పాతికేళ్ల సంగతి మీరే లెక్కకట్టారు కదా, నాకేం భయం. నంబరు కావాలంటే రెండో వైపు కూడా చెక్కించుకోండి. దానికి నూరు కోట్ల రేణువులు అక్కరలేదు. ఒక ఉలి, ఒక సుత్తి చాలు.

నా మాట ఇంతే. చెప్పింది చెప్పినట్టు రాశావా అని నీలవేణిని అడిగాను. రెండుసార్లు చదివి వినిపించింది. "కోడి వయసు తెలియదు" అన్నది తీసేద్దామంది. ఉంచమన్నాను. ఈ ఫైలు మొత్తంలో తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మాట అదొక్కటే.

మూడో సాక్షి కోసం అప్పలకొండకు కబురు పెట్టాం. జ్వరమట. అంతలో తేజోమూర్తి వచ్చి, అంతా చదువుకుని, పెన్ను అడిగాడు. ఇది ఉత్తర్వుకు ఎదురు కాగితమని, ఆయన కుర్చీ కూడా పోవచ్చని నీలవేణి హెచ్చరించింది.

"లెక్క నాదే కదండీ" అన్నాడు.

ఉప్పుదిబ్బ, పొయ్యి వెలిగిన పదహారో రోజు, సాయంత్రం నాలుగు గంటలు.

సూరాడ దాలమ్మ — ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:

సూరాడ గున్నమ్మ — వేలిముద్ర. వేలు కాగితం మీద ఎక్కడ పెట్టాలో దాలమ్మ చూపించగా, తనే పెట్టింది.

బమ్మిడి నీలవేణి, పంపుల గది — రాసినదీ నేనే. ఐదో పంపు ఈ రోజు కూడా ఎనిమిది గంటల్లోనే నిండింది.

చెరుకుపల్లి తేజోమూర్తి, నమూనా గది — సవరణ అంకె లేకుండా లెక్క వేశాను. దాలమ్మగారు పెట్టిన పలక సరైనది.